ఇంటి చిమ్నీకి ఇన్‌స్పెక్టరు ఎవరు?

సూరత్ నగరం నుండి నవసారి వైపు వెళ్ళే రహదారిలో ఉధనా, భేస్తాన్ దాటిన తరువాత ఉన్ వస్తుంది. ఆ దారి పరిసరాలలో, పాండేసరా నుండి సచిన్ వరకు, వస్త్రాలకు రంగులద్దే మిల్లులు, వాటి బాయిలర్లు, ఆ బాయిలర్ల పొగను ఎత్తుకు చేర్చే గొట్టాలు వరుసగా కనిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి మగ్గం పనికై వచ్చి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, హజీరా, కవాస్ వంటి చోట్ల ప్రభుత్వరంగ సంస్థలలో ఉద్యోగరీత్యా వచ్చిన మన వంటి వారికీ ఆ గొట్టాలు నిత్యం కనిపించే దృశ్యమే.

ఆ గొట్టాలలో ఏ ఒక్కటీ దిక్కులేనిది కాదు. దాని కింద ఉన్న బాయిలరుకు తనిఖీ ఉన్నది, ధ్రువపత్రం ఉన్నది, గడువు ఉన్నది. ఈ తనిఖీల కోసం 1923లోనే చట్టం వచ్చింది. ఆ పాత చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. గొట్టం నుండి వెలువడే పొగపై గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి కన్ను ఉన్నది. 2019లో సూరత్‌లో ఇంకొక అడుగు వేశారు. మిల్లుల పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు అమర్చి, మొత్తం మీద ఇంత ధూళికి మించి వెలువడరాదని పరిమితి పెట్టి, ఆ పరిమితిలోని వాటాలను మిల్లులు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే ఏర్పాటు చేశారు. గాలిలోని ధూళి రేణువుల విషయంలో ప్రపంచంలో ఇటువంటి ఏర్పాటు ఇదే మొదటిది. మూడు వందలకు పైగా కర్మాగారాలను పరిశీలించిన అధ్యయనం 2025లో ప్రచురితమైనది. ఈ ఏర్పాటులో చేరిన మిల్లుల పొగ, చేరని వాటితో పోల్చితే, 20 నుండి 30 శాతం తగ్గినదని అందులో తేలింది. కొలత ఉన్నచోట శ్రద్ధ పుడుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇక మన వంటింట్లోకి వద్దాము. అక్కడ కూడా ఒక చిమ్నీ ఉన్నది. దానికి కొలత లేదు, ధ్రువపత్రం లేదు, గడువు లేదు. బిగించిన నాడు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కుతాము. మళ్ళీ అది ఆగిపోయిన నాడు తల ఎత్తి చూస్తాము. ఈ రెండు రోజుల నడుమ అది ఎలా పని చేస్తున్నదో చూడవలసిన ఇన్‌స్పెక్టరు ఎవరు? ఇంటివారే. ఆ తనిఖీ ఎలా చేయాలో, ఏ గుర్తు కనిపిస్తే మెకానిక్‌ను పిలవాలో ఈ నెల మన శీర్షికలో ముచ్చటించుకుందాము.

పొగ ప్రయాణం

రోగ లక్షణం తెలియాలంటే ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియాలి. పొయ్యి మీద మూకుడులో నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ వేగినప్పుడు లేచే ఘాటులో మూడు పదార్థాలు ఉంటాయి: వేడిగాలి, నీటి ఆవిరి, కంటికి కనిపించనంత సన్నని నూనె తుంపర. చిమ్నీ లోపలి ఫ్యాను ఈ మూడింటినీ పైకి లాగుతుంది. దారిలో ఉన్న ఫిల్టరు నూనె తుంపరలో చాలా భాగాన్ని పట్టుకొంటుంది. మిగిలిన గాలి గొట్టం గుండా బయటి గోడకు చేరి, అక్కడి రెక్కను తోసుకొని వెళ్ళిపోతుంది. ఫ్యాను ఆగగానే ఆ రెక్క తనంతట తాను మూసుకొని, బయటి గాలిని, పురుగులను లోనికి రానీయదు.

ఫిల్టరు ఎంత మంచిదైనా నూనెనంతటినీ పట్టలేదు. కొంత దాటిపోయి ఫ్యాను రెక్కలకు, మోటారు చుట్టూ, గొట్టం లోపలి గోడకు అంటుకొంటుంది. అది మొదట జిడ్డు. దుమ్ము చేరి మడ్డి అవుతుంది. నెలలు గడిచేకొద్దీ వేడికి గట్టిపడి లక్కలాగా పట్టేస్తుంది. గొట్టం వంపులు తిరిగే చోట ఈ మడ్డి మరింత చేరుతుంది. బయటికి వెళ్ళే దారి సన్నబడిన కొద్దీ పొగ వంటింట్లోనే నిలుస్తుంది. అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఆ మడ్డి అంతా నూనెయే. మంటకు రెండడుగుల ఎత్తులో, కంటికి కనిపించని గొట్టంలో, నూనెను నిల్వ చేసుకున్నట్లే అన్నమాట.

ఫిల్టరు లేని, తనను తాను శుభ్రపరచుకొనే రకపు చిమ్నీలు ఇప్పుడు విరివిగా వస్తున్నవి. మీట నొక్కితే లోపలి భాగం వేడెక్కి జిడ్డు కరిగి కింది తొట్టిలోకి దిగుతుంది. ఇది మంచి సదుపాయమే. కాని అది శుభ్రపరచేది ఫ్యాను పరిసరాలను మాత్రమే, గొట్టాన్ని కాదు. కాబట్టి ‘మాది ఆటోక్లీన్, మాకేమీ అక్కరలేదు’ అని అనుకోవడం సరికాదు.

ఉన్నదనుకొంటే చాలదు

చిమ్నీ ఉండటం వేరు, అది పని చేయడం వేరు. ఈ తేడా ఎంతటిదో మన దేశపు అనుభవమే చెబుతున్నది. కట్టెల పొయ్యి పొగ నుండి గృహిణులను కాపాడటానికి 1980ల తొలి సంవత్సరాలలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. గొట్టంతో కూడిన పొగలేని పొయ్యిలు ఊరూరా వెలిశాయి. 2002లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ముగించింది.

ఇటువంటి పొయ్యిలు కాలక్రమంలో ఏమవుతాయో ఒడిశాలో పరిశోధకులు నాలుగేళ్ళ పాటు గమనించారు. సుమారు 2,600 కుటుంబాలను పరిశీలించగా, మొదటి సంవత్సరంలో వంట చేసేవారు పీల్చే పొగ తగ్గినదనీ, తరువాతి సంవత్సరాలలో ఆ ప్రయోజనం కనిపించకుండా పోయినదనీ తేలింది. కారణం పొయ్యి తయారీలో లేదు. కుటుంబాలు దానిని క్రమంగా వాడలేదు. గొట్టాన్ని శుభ్రపరచి, పగుళ్ళు పూడ్చి కాపాడుకోలేదు. ఆ అధ్యయనం చేసినవారిలో ఒకరైన ఆర్థికశాస్త్రవేత్త మైకేల్ గ్రీన్‌స్టోన్ తరువాత సూరత్ మిల్లుల పొగ అధ్యయనంలోనూ పాలుపంచుకున్నారు. రెండు చోట్లా దొరికిన పాఠం ఒక్కటే: ఎవరూ చూడని గొట్టం కొంతకాలానికి ఉన్నా లేనట్లే.

ఇళ్ళలోని పొగ వలన కలిగే వ్యాధులతో 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అధిక భాగం కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ వంటి వాటి పొగ వలన. గ్యాస్ పొయ్యిపై వండే మన ఇళ్ళకు అంతటి ప్రమాదం లేదు. అయినా మరిగే నూనె పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. దానిని రోజూ పీల్చేది ఎవరో మనందరికీ తెలుసు. వంటింట్లో నిలుచునేవారు దగ్గుతూ ఉంటే, హాలులో కూర్చున్నవారు ‘పోపు ఘాటు’ అని సరిపెట్టుకోరాదు. ఆ దగ్గు కూడా ఒక కొలత పరికరమే.

ఏడు గుర్తులు

మొదటి గుర్తు లాగుడు తగ్గడం. దీనికి తేలికైన పరీక్ష ఉన్నది. పొయ్యి ఆర్పి, చిమ్నీని పూర్తి వేగంతో నడిపి, అరచేయి వెడల్పు పలుచని కాగితాన్ని ఫిల్టరుకు ఆనించి వదలండి. ఆరోగ్యంగా ఉన్న చిమ్నీ కాగితాన్ని పట్టి ఉంచుతుంది. కాగితం జారిపోతే ఫిల్టరును కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించండి. అప్పుడు నిలిస్తే లోపం ఫిల్టరులోనే ఉన్నది, తీరిపోయినది. కడిగిన తరువాత కూడా జారిపోతే లోపం ఫ్యానులోనో గొట్టంలోనో ఉన్నది. అది మెకానిక్ పని.

రెండవ గుర్తు శబ్దంలో మార్పు. ప్రతి చిమ్నీకీ తనదైన ఒక మోత ఉంటుంది. ఇంటివారి చెవికి అది అలవాటే. ఆ మోతలో గరగర చేరితే ఫ్యాను రెక్కలకు జిడ్డు ఒకవైపు ఎక్కువగా పట్టి తూకం తప్పినదని అనుకోవచ్చును. బేరింగు అరిగి ఉండవచ్చును. ఈల వేసినట్లు వినిపిస్తే గాలి దారి ఎక్కడో ఇరుకైనది. మోటారు గుయ్యిమంటూ ఫ్యాను తిరగకపోతే వెంటనే స్విచ్చి కట్టివేయండి. తిరగలేని మోటారు వేడెక్కి కాలిపోతుంది.

మూడవది నూనె చుక్కలు. చిమ్నీ అంచు నుండి గాని, గొట్టం అతుకు నుండి గాని పొయ్యి మీదికి జిడ్డు బొట్లు రాలుతూ ఉంటే దానిని తుడుచుకొని ఊరుకోరాదు. ముందుగా నూనె తొట్టి నిండినదేమో చూడండి. తొట్టి ఖాళీగానే ఉండి కూడా కారుతూ ఉంటే లోపల నూనె పేరుకొని పొంగుతున్నదని అర్థం.

నాలుగవది పాత వాసన. రాత్రి వేపిన చేప వాసన తెల్లవారి కూడా వంటింట్లో ఉండటం, వానాకాలంలో చిమ్నీ నుండి ముక్కిపోయిన నూనె కంపు దిగిరావడం, పక్కింటి తిరగమోత మన ఇంట్లో గుబాళించడం - ఇవి గొట్టం చివరి రెక్క మూసుకోవడం లేదని చెప్పే గుర్తులు. జిడ్డు పట్టి రెక్క బిగిసిపోయి ఉండవచ్చును. అంతస్తుల భవనాలలో నివసించేవారు మరొకటి గమనించాలి. గొట్టం బయటి నోటికి వల లేకపోతే పావురాలకు అది మంచి గూడు. పుల్లలు, ఈకలు గొట్టాన్ని మూసివేయడమే కాక, జిడ్డుతో కలిసి సులభంగా అంటుకొనే చితుకులవుతాయి.

ఐదవది గోడలు, గూళ్ళ జిగట. పొయ్యికి దూరంగా ఉన్న డబ్బాల మూతలు, గోడ గడియారం, ట్యూబ్‌లైటు వేలికి అంటుకొంటున్నాయంటే, చిమ్నీ పట్టవలసిన నూనెను మన వంటిల్లే పడుతున్నదని అర్థం.

ఆరవది విద్యుత్ లోపాలు. కాలిన వాసన, ముట్టుకొంటే చిమచిమలాడటం, దీపం మిణుకుమిణుకుమనడం, మీట నొక్కగానే ఇంటి ట్రిప్పర్ పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా మరొకసారి నడిపి చూద్దామని అనుకోరాదు. ప్లగ్గు తీసివేసి మెకానిక్‌కు కబురు చేయండి. మూడు కాళ్ళ ప్లగ్గు, సరియైన ఎర్తింగ్ లేకుండా చిమ్నీని నడపరాదు.

ఏడవది చిమ్నీలో కాక పొయ్యిలో కనిపించే గుర్తు. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. అది పచ్చగా మారి, గిన్నెల అడుగు మసిబారుతూ ఉంటే గ్యాస్ పూర్తిగా కాలడం లేదు. అలా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై ప్రాణం తీయగలదు. ఇక్కడ కావలసినది చిమ్నీ మెకానిక్ కాదు. బర్నరును సరిచేసే గ్యాస్ మెకానిక్.

మన పని, మెకానిక్ పని

ఇంట్లో మనం చేసుకోదగినవి మూడు. ఒకటి, చిమ్నీ స్విచ్చి కట్టి, చల్లారిన తరువాత, ఫిల్టరును విడదీసి పాత్రలు తోమే సబ్బు కలిపిన వేడినీటిలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో కడగడం. పూర్తిగా ఆరనిదే తిరిగి బిగించరాదు. రెండు, నూనె తొట్టిని ఖాళీ చేసి తుడవడం. మూడు, పైభాగాన్ని గుడ్డతో శుభ్రపరచడం. వేపుళ్ళు ఎక్కువగా చేసే ఇంట్లో రెండు మూడు వారాలకు ఒకసారి ఈ పని పెట్టుకొంటే మంచిది. జిడ్డు త్వరగా పోవునని కాస్టిక్ సోడా వాడవద్దు. అది చేతులను కాలుస్తుంది. అల్యూమినియం ఫిల్టరునైతే తినివేస్తుంది. గొట్టం లేకుండా గాలిని తిరిగి గదిలోకే వదిలే రకంలో బొగ్గు ఫిల్టరు ఉంటుంది. దానిని కడిగితే ప్రయోజనం లేదు. తయారీదారు చెప్పిన గడువుకు మార్చవలసినదే.

మోటారు, ఫ్యాను, వైర్లు, గొట్టం, బయటి రెక్క - ఈ ఐదూ మెకానిక్ పని. ఏడాదికి ఒకసారి, నూనె వంటలు ఎక్కువైన ఇంట్లో ఆరు నెలలకు ఒకసారి వీటిని విప్పించి శుభ్రం చేయించాలి. పని జరుగుతున్నప్పుడు పక్కనే ఉండి చూడండి. ఫ్యానును బయటికి తీశారా? గొట్టాన్ని విడదీసి లోపల చూశారా, లేక పైపైన తుడిచారా? అతుకులకు వేడిని తట్టుకొనే అల్యూమినియం టేపు చుట్టారా? బయటి రెక్క తేలికగా తెరుచుకొని మూసుకొంటున్నదా? చివరగా, మెకానిక్ వెళ్ళకముందే కాగితం పరీక్ష మళ్ళీ చేయండి. మనం ప్లాంటులో మరమ్మతు అయిన పంపును నడిపి చూడనిదే సంతకం పెట్టము కదా! ఇంటి విషయంలోనూ అదే పద్ధతి పాటిద్దాము.

గొట్టం నలిగినా, చిల్లులు పడినా, లోపలి మడ్డి ఊడిరానంతగా గట్టిపడినా దానిని శుభ్రపరచడం కన్న మార్చడమే మేలు. మార్చేటప్పుడు గొట్టం పొడవును, వంపులను వీలైనంత తగ్గించమని అడగండి. ప్రతి వంపూ లాగుడును తగ్గిస్తుంది.

మరువరాని మూడు జాగ్రత్తలు

మొదటిది. గ్యాస్ వాసన వచ్చినప్పుడు ‘వాసన పోతుంది’ అని చిమ్నీ మీట నొక్కే అలవాటు కొందరికి ఉన్నది. ఇది ప్రాణాంతకం. సిలిండరు గ్యాస్ గాలికన్న బరువైనది, నేలబారుగా వ్యాపిస్తుంది. పైన ఉన్న చిమ్నీ దానిని సరిగా లాగలేదు. సూరత్‌లో అనేక ఇళ్ళకు గొట్టం ద్వారా వచ్చే సహజవాయువు గాలికన్న తేలికైనది; పైకి లేచి సరిగ్గా చిమ్నీ మోటారు ఉన్నచోటనే చేరుతుంది. రెండింటిలో ఏదైనా సరే, స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఏ స్విచ్చినీ వేయవద్దు, తీయవద్దు. వాల్వు కట్టండి, తలుపులు, కిటికీలు తెరవండి, అందరూ బయటికి వెళ్ళండి, ఆ తరువాత ఫోను చేయండి. సిలిండరు గ్యాస్ లీకుకు 1906, అగ్నిమాపక దళానికి 101, ఏ అత్యవసరానికైనా 112. సహజవాయువు వాడేవారు తమ బిల్లుపై ముద్రించిన అత్యవసర నంబరును వంటింటి తలుపు మీద అంటించుకోవాలి.

రెండవది. మూకుడులో నూనె అంటుకొంటే వెంటనే గ్యాస్ కట్టండి. చిమ్నీని కూడా ఆపండి. నడుస్తున్న చిమ్నీ మంటను తనలోకి లాక్కొని గొట్టంలోని జిడ్డుకు అంటిస్తుంది. మూకుడు మీద మూత గాని పళ్ళెం గాని పక్కనుండి జరుపుతూ కప్పండి. నీళ్ళు పోయవద్దు, నీరు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను నలుదిక్కులా చిమ్ముతుంది. మంట గొట్టంలోకి పాకినదని అనుమానం వస్తే ఇల్లు ఖాళీ చేసి 101కు ఫోను చేయడం తప్ప వేరే సాహసం వద్దు.

మూడవది చాలామందికి తట్టని విషయం. చిమ్నీ బయటికి తోసిన గాలికి బదులుగా అంతే గాలి ఇంట్లోకి రావాలి. కిటికీలన్నీ బిగించి చిమ్నీ నడిపితే, అది గాలిని దొరికిన సందు నుండి లాక్కొంటుంది. ఇంట్లో గ్యాస్ గీజరు ఉంటే, దాని నుండి బయటికి పోవలసిన విషవాయువు వెనక్కు తిరిగి ఇంట్లోకి రావచ్చును. కాబట్టి చిమ్నీ నడిచినంతసేపూ ఏదైనా ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. చలికాలంలో ఈ మాట మరింతగా గుర్తుంచుకోవాలి.

స్వగ్రామంలో కట్టెల పొయ్యి

మనలో చాలామందికి స్వగ్రామంలో పెద్దవారు ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతోను, దేశమంతటా 2016లో ఉజ్వల పథకంతోను గ్యాస్ పొయ్యి పల్లెలకు చేరినది. అయినా నీళ్ళు కాచుకోవడానికో, పండుగ పిండివంటలకో కట్టెల పొయ్యి వెలిగే ఇళ్ళు నేటికీ ఉన్నవి. సెలవుపై వెళ్ళినప్పుడు ఆ పొయ్యి గొట్టాన్ని ఒకసారి చూసి రండి.

అక్కడ చూడవలసిన గుర్తులు వేరు. పొగ పైకి పోక పొయ్యి నోటి నుండే వెనక్కు వస్తున్నదా? గొట్టం తట్టితే మసి పెళ్ళలు రాలుతున్నాయా? గొట్టం కప్పును చీల్చుకొని పోయేచోట వాసాలు, రెల్లు నల్లబడ్డాయా? సిమెంటు గొట్టంలో పగులు, రేకు గొట్టంలో తుప్పు ఉన్నదా? పచ్చికట్టెలు కాల్చే ఇంట్లో గొట్టం లోపల తారువంటి నల్లని పూత పడుతుంది. అది అంటుకొంటే గొట్టంలో హోరుమని చప్పుడు వస్తుంది. పూరికప్పు, తాటాకు కప్పు ఇళ్ళలో ఆ చప్పుడు వినిపించే వేళకే ఆలస్యం అయినట్లు. అందుచేత పొడి మసి అయితే పొయ్యి చల్లారిన రోజున పొడుగు కర్రకు బ్రష్షు కట్టి దులపవచ్చును. పగులు, తుప్పు, తారుపూత కనిపిస్తే తాపీమేస్త్రీని పిలిపించి గొట్టాన్ని మార్పించవలసినదే.

పని చేసేవాని ప్రాణం

పొగగొట్టం శుభ్రపరచేవారి చరిత్ర కన్నీటి చరిత్ర. ఇంగ్లండులో ఒకప్పుడు చిన్న పిల్లలను గొట్టాలలోకి ఎక్కించి మసి దులిపించేవారు. ఈ పని చేసినవారిలో ఒక రకం క్యాన్సర్ ఎక్కువగా రావడాన్ని 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ గుర్తించి, దానికి మసియే కారణమని రాశారు. చేసే పనికీ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని వైద్యశాస్త్రం గుర్తించినది అదే మొదలు. ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వారిని గొట్టాలలోకి ఎక్కించరాదని 1840లో చట్టం వచ్చినా అమలు కాలేదు. 1875 ఫిబ్రవరిలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ళ బాలుడు గొట్టంలో ఇరుక్కొని ప్రాణాలు కోల్పోయాడు. ఆ ఏడాదే, ఈ పని చేయించేవారికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ గట్టి చట్టం తెచ్చారు.

అదంతా ఎక్కడో, ఎప్పుడో జరిగినదని అనుకోరాదు. మన ఇంటికి వచ్చిన మెకానిక్ అయిదో అంతస్తు కిటికీ నుండి సగం శరీరం బయటికి వంచి గొట్టం చివరి రెక్కను విప్పుతున్నప్పుడు మనం ఏమి చేస్తున్నాము? ప్లాంటులో ఎత్తైన చోట పనికి పర్మిటు లేనిదే, బెల్టు కట్టనిదే ఒప్పుకోని మనమే, ఇంట్లో మాత్రం ‘కొంచెం చూసి చెయ్యి బాబూ’ అని చెప్పి టీ పెట్టడానికి వెళ్ళిపోతాము. భద్రత మన గేటు దగ్గర ఆగిపోయేది కాదు. బయటి రెక్క అందనిచోట ఉంటే బెల్టుతో, సహాయకునితో రమ్మని ముందే చెప్పండి. మోటారు విప్పే ముందు మెయిన్ స్విచ్చిని మీరే కట్టండి. గుండె దడ పుట్టించే సాహసాన్ని మెచ్చుకోకండి, అడ్డుకోండి.

ఇంటి రిజిస్టరు

ప్రతి యంత్రానికీ మనకు ఒక లాగ్‌బుక్కు ఉన్నది. ఇంటి చిమ్నీకి అంత పెద్ద పుస్తకం అక్కరలేదు. వంటింటి క్యాలెండరు చాలు. ఫిల్టరు కడిగిన రోజున ఒక చిన్న గుర్తు పెట్టండి. మెకానిక్ వచ్చిన తేదీ, మార్చిన భాగం పేరు రాయండి. ఇంటి గోడకు క్యాలెండరు మారినప్పుడు ఆ తేదీలను కొత్తదానిలోకి ఎక్కించండి.

తనిఖీకి రెండు రోజులు నిర్ణయించుకొంటే మరచిపోయే ప్రశ్న లేదు. ఒకటి మార్చి 4. జాతీయ భద్రతా మండలి 1966లో ఏర్పడినది ఆ రోజునే. దేశమంతటా భద్రతా దినంగా జరుపుకొంటున్నాము. ఆఫీసులో ప్రతిజ్ఞ చేసి ఇంటికి వచ్చిన సాయంత్రం కాగితం పరీక్ష ఒక్కటి చేస్తే ఆ ప్రతిజ్ఞకు సార్థకత కలుగుతుంది. రెండవది దీపావళికి పదిహేను రోజుల ముందు. దీపావళి నుండి సంక్రాంతి వరకు జంతికలు, అరిసెలు, గారెలు, మన గుజరాతీ ఇరుగుపొరుగుల ఇళ్ళలో సేవ్, ఫాఫ్డా - ఏడాదిలో మూకుడు దించకుండా వేపే కాలం అదే. చిమ్నీ సిద్ధంగా ఉండవలసినది అప్పుడే.

ఒక్క విన్నపంతో ముగిస్తాము. ఈ తనిఖీని వంట చేసేవారి పనుల పట్టికలో మరొక పనిగా చేర్చకండి. కాగితం పట్టుకోవడం పిల్లలు చేయగలరు. కొలత అంటే ఏమిటో వారికి అక్కడే తెలుస్తుంది. ఫిల్టరు విప్పి కడగడం, మెకానిక్‌కు కబురు చేయడం, పక్కన నిలబడి పని చేయించుకోవడం ఉద్యోగానికి వెళ్ళేవారు చేయగలరు. వంటలో రుచిని అందరం పంచుకొంటున్నాము. ఆ పొగను బయటికి పంపే బాధ్యతను కూడా అందరం పంచుకోవడమే న్యాయం.